ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగులో పొగ మాన్పించే చికిత్స: చెన్నై సందర్భం

ఏళ్ల తరబడి పొగ తాగిన మనిషికి దగ్గులో రక్తం, బరువు తగ్గడం వంటి లక్షణాలేవీ కనిపించక ముందే, తక్కువ రేడియేషన్‌తో ఛాతీ సీటీ స్కాన్ తీసి చూడటాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్ అంటారు. అమెరికాలో 2021 నుంచి 50–80 ఏళ్ల మధ్యవారికి, రోజుకు ఒక ప్యాకెట్ చొప్పున కనీసం 20 ఏళ్లు తాగినంత లెక్క ఉండి, ఇప్పటికీ తాగుతున్నా, మానేసి 15 ఏళ్లు దాటకపోయినా ఈ పరీక్ష ఏటా చేయించుకోమని సిఫారసు చేస్తున్నారు. ఇంగ్లండ్‌లో 2019 నుంచి 55–74 ఏళ్ల మధ్య ఉండి, పొగతాగుతున్న లేదా ఒకప్పుడు తాగిన వారిని ఊపిరితిత్తుల ఆరోగ్య పరీక్షల పేరిట పిలుస్తున్నారు. భారతదేశంలో 2016లో వచ్చిన క్యాన్సర్ స్క్రీనింగ్ మార్గదర్శకాలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే పరిమితమయ్యాయి, ఊపిరితిత్తులు వాటిలో లేవు. అందువల్ల చెన్నైలో ఈ స్కాన్ ప్రధానంగా ప్రైవేటు ఆసుపత్రుల్లో, డబ్బు పెట్టుకోగలవారికి దొరికేదిగానే ఉంది. అపోలో క్యాన్సర్ సెంటర్స్ 2025లో లంగ్‌లైఫ్ పేరుతో ఇలాంటి కార్యక్రమాన్ని ప్రకటించింది. ఇకముందు మరికొన్ని రావచ్చు, ప్రభుత్వమూ ఆలోచించవచ్చు. ఆ రోజు రాకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. చెన్నైలో ముందు పొగ మాన్పించే చికిత్స నిలబడాలి, స్కానింగ్ యంత్రం ఆ తర్వాత దాని పక్కకు రావాలి. ఈ వరుస తారుమారైతే స్క్రీనింగ్ తన ఫలితంలో పెద్ద వాటాను మొదటి రోజే పోగొట్టుకుంటుంది.

ఈ మాటకు మొదటి ఆధారం స్కానింగ్ శక్తిని నిరూపించిన అధ్యయనంలోనే ఉంది. అమెరికాలో 53,454 మందిపై జరిగి 2011లో వెలువడిన జాతీయ అధ్యయనం, ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవారితో పోలిస్తే సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని చూపింది. 2020లో ప్రచురితమైన నెదర్లాండ్స్–బెల్జియం నెల్సన్ అధ్యయనంలో పదేళ్లకు పురుషుల్లో ఈ తగ్గుదల 24 శాతం. అమెరికా అధ్యయనంలో చేరినవారిలో సుమారు సగం మంది అప్పటికీ పొగ తాగుతూనే ఉన్నారు. ఆ అధ్యయనం వివరాలను 2016లో మళ్లీ విశ్లేషిస్తే, సీటీ తీయించుకోకపోయినా పొగ మానేసి ఏడేళ్లు గడిచినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దాదాపు అదే 20 శాతం మేర తక్కువగా ఉన్నట్టు తేలింది. మానేసి 15 ఏళ్లైనవారు సీటీ కూడా తీయించుకుంటే తగ్గుదల 38 శాతానికి చేరింది. అంటే రెండూ సమాన బలం ఉన్న పనులు, ఒకదానికొకటి తోడైనప్పుడు ఫలితం ఇంచుమించు రెట్టింపవుతుంది. పైగా సీటీ కాపాడేది ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచే. పొగ మానడం గుండెపోటు, పక్షవాతం, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరే ఆయాసం, టీబీ, నోటి క్యాన్సర్ అన్నిటి మీదా పనిచేస్తుంది. పొగతాగేవారిలో ఎక్కువ మంది చనిపోయేది ఊపిరితిత్తుల క్యాన్సర్ కాని జబ్బులతోనే కాబట్టి, స్కాన్ ఒక్కటే చేసి పంపించేస్తే ఆ మనిషిని ఆసుపత్రికి రప్పించిన శ్రమలో ఎక్కువ భాగం వృథా అయినట్టే.

చెన్నైలో ఈ వాదనకు బలం ఇంకా ఎక్కువ. ఈ నగరంలో పొగ ఎవరిని ఎలా చంపుతున్నదో చెప్పిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధం. వి. గజలక్ష్మి, రిచర్డ్ పీటో తదితరులు చెన్నై నగరంలోనూ, విల్లుపురం పరిసర గ్రామాల్లోనూ 43,000 మంది పురుషుల మరణాలను, 35,000 మంది సజీవుల వివరాలతో పోల్చి 2003లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. నగరంలో పొగతాగేవారు టీబీతో చనిపోయే ముప్పు తాగనివారికంటే నాలుగున్నర రెట్లు ఉంది. దేశంలో పురుషుల టీబీ మరణాల్లో సగానికి పొగ కారణమని వారి అంచనా. క్యాన్సర్ గురించి మాట్లాడుతూ టీబీ లెక్క ఎందుకని పాఠకుడు అడగవచ్చు. స్కాన్‌లో ఏం కనిపిస్తుందన్నది ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది. ఒకప్పుడు టీబీ వచ్చి నయమైన ఊపిరితిత్తిలో మచ్చలు, గట్టిపడిన చిన్న చిన్న గడ్డలు మిగులుతాయి. కొందరికి టీబీ సోకిన సంగతే తెలియదు, మచ్చ మాత్రం ఉంటుంది. టీబీ అంతగా లేని అమెరికాలోనే ఆ అధ్యయనంలో తీసిన సీటీల్లో దాదాపు నాలుగో వంతు వాటిలో అనుమానాస్పద ఫలితం వచ్చింది, అందులో 96 శాతానికి పైగా క్యాన్సర్ కాదని తర్వాత తేలింది. టీబీ మచ్చలు సర్వసాధారణమైన చోట ఈ అనుమానాలు ఇంకా పెరుగుతాయని వేరే చెప్పనక్కర్లేదు. చాలామంది పెద్దవాళ్లు ‘మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీద్దాం’ అన్న మాట విని ఇంటికి వెళ్తారు. క్యాన్సర్ ఉందో లేదో తెలియని ఆ మూడు నెలలు ఆందోళనలో గడుస్తాయి. ఆ ఆందోళనలో పొగతాగేవాడి చెయ్యి దేనికోసం వెతుకుతుందో ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు.

అందుకే చెన్నైలో పొగ మానడాన్ని స్కాన్ ఫలితానికి ముడిపెట్టకూడదు. పాశ్చాత్య దేశాల్లో ఈ విషయంపై రాసేవారు స్క్రీనింగును మనిషి మనసు మార్చుకోవడానికి అనువైన ఘడియగా చూస్తారు. అందులో నిజం ఉంది. అయితే ఆ ఘడియ ఫలితం చేతికి వచ్చినప్పుడే వస్తుందనుకోవడం పొరపాటు. అమెరికా అధ్యయనంలో స్కాన్‌లో తేడా కనిపించినవారు ఎక్కువగా మానేశారు, ఆ తేడా తీవ్రమైనకొద్దీ మానేసినవారి సంఖ్యా పెరిగింది. బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో స్కాన్ తీయించుకున్న గుంపులో, తీయించుకోని గుంపుకంటే ఎక్కువ మంది మానేశారు. డెన్మార్క్ అధ్యయనంలో మాత్రం ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య తేడా ఏమీ కనిపించలేదు. ఈ మూడింటినీ కలిపి చదివితే అర్థమయ్యేది ఏమిటంటే, స్కాన్ యంత్రం తనంతట తాను ఎవరితోనూ పొగ మాన్పించదు. భయపెట్టే ఫలితం కొందరిని కదిలిస్తుంది. అధిక సంఖ్యాకులకు వచ్చేది భయపెట్టని ఫలితమో, తేలని ఫలితమో. భయం మీద కట్టిన చికిత్స ఆ ఎక్కువ మందిని వదిలేస్తుంది. కాబట్టి స్కాన్‌కు పేరు నమోదు చేసుకునే ఫోన్ కాల్‌లోనే పొగ సంగతి ఎత్తాలి, స్కాన్ గదిలోకి వెళ్లకముందే కౌన్సెలర్ మాట్లాడాలి, మందు అదే రోజు చేతిలో పెట్టాలి. ఫలితం ఏదైనా చికిత్స అప్పటికే మొదలై ఉంటుంది.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. ‘ఫిల్మ్ బాగానే వచ్చిందటగా, ఇంకా మానడం ఎందుకు’ అని మనిషి ధీమా పడితే స్క్రీనింగ్ మేలు చేయకపోగా కీడు చేసినట్టు కాదా? ఈ భయం ఊహ మాత్రమే కాదు, ఆసుపత్రుల్లో వినిపించే మాటే. ఇప్పటిదాకా ఉన్న అధ్యయనాల్లో స్క్రీనింగ్ వల్ల మొత్తం మీద పొగతాగడం పెరిగినట్టు కనబడలేదు. మనిషి మనిషికీ చూస్తే ఆ ధీమా ఉంటుంది, దానికి జవాబు ఫలితం చెప్పే తీరులోనే ఉండాలి. ‘నార్మల్’ అన్న ఒక్క మాటతో పంపేయడం తప్పు. ఈ రోజుకు క్యాన్సర్ ఆనవాలు కనిపించలేదని, స్కాన్‌లో ఊపిరి సంచులు పాడైన గుర్తులో, గుండె ధమనుల్లో సున్నం పేరుకున్న గుర్తులో ఉంటే అవి ఇవీ అని, ఇప్పుడు మానేస్తే కాపాడుకోగలిగింది ఇంకా చాలా ఉందని చెప్పాలి. అది పెద్దాయనను నిలదీసినట్టు ఉండకూడదు. సిగరెట్ తాగినందుకు తిట్లు తప్పవని తెలిస్తే మరుసటి ఏడు ఆయన అసలు రాడు. పొగ అలవాటు దాచిపెడితే లెక్క తప్పుతుంది, మందూ తప్పుతుంది.

మరో అభ్యంతరం వయసుది. ‘ఈ వయసులో మానేస్తే ఒరిగేదేముంది’ అని పొగతాగేవారే కాదు, వాళ్ల పిల్లలూ, ఒక్కోసారి డాక్టర్లూ అంటారు. 2004లో రిచర్డ్ డాల్, పీటో బృందం బ్రిటిష్ డాక్టర్లను 50 ఏళ్లు వెంబడించి చూసిన ఫలితాలు ప్రచురించింది. 60 ఏళ్ల వయసులో మానేసినవారు కూడా, మానని తమ ఈడువారికంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారు. 50లో మానితే ఆరేళ్లు, 40లో మానితే తొమ్మిదేళ్లు. భారతదేశంలో పురుషులకు సిగరెట్ పదేళ్ల ఆయుష్షును, బీడీ ఆరేళ్ల ఆయుష్షును తగ్గిస్తుందని 2008లో ప్రభాత్ ఝా బృందం అంచనా వేసింది. తిరిగి దక్కేది చిన్నదేమీ కాదు. చివరికి క్యాన్సర్ ఉందని తేలినా ఆలస్యమైపోలేదు. మాస్కోలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలిదశల్లో ఉన్న రోగులపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, జబ్బు తెలిశాక పొగ మానేసినవారు మానని వారికంటే సగటున సుమారు 22 నెలలు ఎక్కువ బతికారు. ఆపరేషన్ తర్వాత పుండు మానడం, ఊపిరి కుదుటపడటం, రేడియేషన్ పనిచేయడం అన్నీ పొగ మీద ఆధారపడి ఉంటాయి.

వృద్ధుల విషయంలో వైద్యం కాస్త భిన్నంగా ఉండాలి. యువకుల కోసం రాసిన సలహాలు ఇక్కడ చాలవు. పొద్దున్నే బీడీ వెలిగిస్తేనే కడుపు కదులుతుందని చెప్పే పెద్దవాళ్లను తేలిగ్గా తీసిపారేయకూడదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానిన మొదటి వారాల్లో మలబద్ధకం నిజంగానే వస్తుంది. నీళ్లు, పీచు పదార్థం, అవసరమైతే విరేచనానికి మందు ముందే చెప్పి ఉంచితే ఆ ఒక్క కారణంతో మళ్లీ మొదలుపెట్టేవారు తగ్గుతారు. ఇంకో సంగతి చాలాచోట్ల మరుగున పడుతోంది. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో కొన్ని మందులను త్వరగా కరిగించేస్తాయి. ఆయాసానికి ఇచ్చే డెరిఫిలిన్‌లోని థియోఫిలిన్ అలాంటిదే. పొగ మానగానే అదే మాత్ర ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, గుండెదడ, వాంతులు తెప్పించవచ్చు, కాబట్టి డోసు తగ్గించాల్సి రావచ్చు. కాఫీలోని కెఫీన్‌ కూడా అంతే. రోజుకు నాలుగైదు ఫిల్టర్ కాఫీలు తాగే చెన్నై వృద్ధుడు మానిన మొదటి వారంలో చేతులు వణుకుతున్నాయని, నిద్ర పట్టడంలేదని చెబితే నింద అంతా నికోటిన్ మీద వేయకుండా కాఫీ సగం చేయమనాలి. కాఫీకీ నికోటిన్ గమ్‌కూ కూడా పొత్తు కుదరదు. కాఫీ తాగిన వెంటనే నమిలితే నోట్లోంచి నికోటిన్ సరిగా ఎక్కదు, పావుగంట ఆగాలి. గమ్‌ను మామూలు బబుల్ గమ్‌లా నమలకుండా, కాస్త నమిలి చెంపలో నొక్కి పెట్టుకోవాలని నేర్పాలి. కట్టుడు పళ్లున్నవారికి చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ మేలు. గుండెజబ్బు ఉన్నవారికి ప్యాచ్ ప్రమాదమన్న అపోహ ఇంకా ఉంది. రోజుకు ఇరవై సిగరెట్ల పొగతో పోలిస్తే నికోటిన్ ప్యాచ్ ఎంతో సురక్షితం.

మందుల విషయంలో దేశం కొంత ముందుకు వచ్చింది. భారత అత్యవసర మందుల జాతీయ జాబితాలో 2022లో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను చేర్చారు. రెండు మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది. వరెనిక్లిన్, బుప్రోపియన్ డాక్టర్ రాస్తేనే ఇస్తారు. 2016లో వెలువడిన ఈగల్స్ అధ్యయనం ఈ రెంటినీ నికోటిన్ ప్యాచ్‌తో పోల్చి వరెనిక్లిన్ అన్నిటికంటే ఎక్కువగా పనిచేస్తుందని, మానసిక సమస్యలు పెరుగుతాయన్న భయానికి ఆధారం లేదని చూపింది. ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం కాబట్టి బ్రిటన్‌లో లాగా వాటిని సాయంగా ఇచ్చే మార్గం ఇక్కడ లేదు, దాని గురించి విచారించాల్సిన పనీ లేదు. మందుకు తోడుగా మాట ఎంత ఉండాలన్నది అసలు ప్రశ్న. అమెరికాలో స్క్రీనింగుకు వచ్చినవారిపై జరిగిన ఒక అధ్యయనంలో, ఎనిమిదిసార్లు ఫోన్‌లో మాట్లాడి ఎనిమిది వారాలు ప్యాచ్‌లు ఇచ్చిన గుంపులో మూడు నెలలకు 9 శాతం మంది మానేసినట్టు పరీక్షలో రుజువైంది. మూడుసార్లు మాట్లాడి రెండు వారాల ప్యాచ్‌లు ఇచ్చిన గుంపులో వాళ్లు సుమారు 4 శాతమే. 9 శాతం చిన్న అంకెలా కనిపించవచ్చు. నలభై ఏళ్ల అలవాటున్న మనుషుల్లో, వాళ్లు అడగకుండానే మనం ఫోన్ చేసి సాధించిన 9 శాతం అది. తమిళనాడు గ్రామాల్లో సామూహిక కౌన్సెలింగుతో జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగంలో కూడా మానేశామన్నవారు పోలిక గుంపుకంటే రెట్టింపు ఉన్నారు. అంటే దక్షిణాది నేల మీదా ఇది మొలకెత్తే విత్తనమే.

బీడీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్క్రీనింగ్ అర్హతను సిగరెట్ ప్యాకెట్లలో లెక్కపెడతారు. బీడీలో పొగాకు తూకం సిగరెట్టు కంటే తక్కువ, కాబట్టి తూకం ప్రకారం లెక్కిస్తే బీడీ తాగేవారు అర్హత జాబితాలోంచి జారిపోతారు. కానీ బీడీకి ఫిల్టర్ లేదు, ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. చెన్నై, తిరువనంతపురం ఆసుపత్రుల్లో రోగులతో జరిగిన అధ్యయనం ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో బీడీ సిగరెట్టుకు ఏమాత్రం తీసిపోదని చూపింది. అర్హతను నిర్ణయించేటప్పుడు బీడీని బీడీగానే, కట్టల లెక్కనే అడగాలి. దీనికి తోడు, బీడీ మానేసి హాన్స్, జర్దా వంటి నమిలే పొగాకు పట్టేవాళ్లుంటారు. 2016–17 జాతీయ సర్వేలో దేశంలోని పెద్దల్లో 10.7 శాతం పొగతాగేవారైతే, నమిలే పొగాకు వాడేవారు 21.4 శాతం. ‘పొగ మానేశారా’ అని మాత్రమే అడిగే కౌన్సెలర్‌కు ఈ మార్పు కనబడదు. నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం మిగిలే ఉంటుంది.

ఇదంతా చేయగల మనుషులు, సంస్థలు చెన్నైలో ఉన్నాయా? ఉన్నాయని నమ్మడానికి కారణాలున్నాయి. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో 1954లో మొదలై, డాక్టర్ వి. శాంత జీవితకాల సేవతో ఎదిగిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1980ల తొలినాళ్ల నుంచీ మద్రాసు మహానగర క్యాన్సర్ రిజిస్ట్రీని నడుపుతోంది. 2002లో కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి దేశంలో నెలకొల్పిన 13 పొగాకు మాన్పించే కేంద్రాల్లో ఒకటి అక్కడిదే. అంటే స్కానింగ్ కంటే ఎంతో ముందే చికిత్స ఈ నగరానికి వచ్చింది. చెట్‌పెట్‌లో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం మరో పాఠం చెబుతుంది. ఇరుకు ఇళ్లలో ఉండే పేద టీబీ రోగులు నెలల తరబడి మందులు సక్రమంగా మింగరని, శానిటోరియంలో పెట్టి తీరాలని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో, ఇంటి దగ్గర ఇచ్చిన చికిత్స శానిటోరియం చికిత్సతో దాదాపు సమానంగా పనిచేస్తుందని ఆ కేంద్రం 1959లో నిరూపించింది. చెప్పకుండా ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టడం, మూత్ర పరీక్షతో మందు మింగారో లేదో చూడటం, కుటుంబంతో మాట్లాడటం అందులో భాగాలు. పొగ మాన్పించడానికి కావాల్సింది ఇంచుమించు ఇదే క్రమశిక్షణ. మూత్ర పరీక్ష స్థానంలో ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న పరికరం వస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద మహిళా ఆరోగ్య వాలంటీర్లు బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. వాళ్లు కలిసే మనుషుల్లో స్క్రీనింగ్ వయసు పొగతాగేవారు ఎందరో ఉంటారు. వాళ్ల మందుల సంచిలో నికోటిన్ ప్యాచ్ కూడా ఉండాలన్నది ఈ వ్యాసం చేసే ముఖ్యమైన సూచన.

పొగాకు మానడానికి సాయపడే ఉచిత ఫోన్ సేవ (క్విట్‌లైన్) 1800-11-2356 కూడా ఉంది. 2018 నుంచి ఈ నంబరును పొగాకు ప్యాకెట్ల మీద అచ్చువేస్తున్నారు. ఈ సేవను అందించే బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రం దక్షిణాది భాషల్లో మాట్లాడుతుంది, తెలుగు వాటిలో ఒకటి. ప్యారిస్ కార్నర్ నుంచి తండయార్‌పేట దాకా ఉత్తర చెన్నైలో ఇంట్లో తెలుగే మాట్లాడుకునే పెద్దవాళ్లు, నగర పారిశుద్ధ్య కార్మికుల్లో పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగువాళ్లు ఈ సేవను తమ భాషలోనే అందుకోవచ్చు. అలవాటు గురించి, సిగ్గు గురించి, ఇంట్లో గొడవల గురించి మాట్లాడేటప్పుడు పరభాషలో మాట తడబడుతుంది. అయితే బడ్డీకొట్టులో ఒక్కో సిగరెట్టు విడిగా కొనుక్కునేవాడి చేతికి ప్యాకెట్టే రాదు, నంబరు ఎప్పుడు చూస్తాడు? అందుకే వాళ్లు ఫోన్ చేస్తారని ఎదురుచూడటం కంటే, స్కాన్ కేంద్రమే వాళ్ల అనుమతితో పేరు పంపించి, క్విట్‌లైన్ వాళ్లు తిరిగి ఫోన్ చేసేలా ఏర్పాటు చేయడం ఎన్నో రెట్లు పనికొస్తుంది. 2016–17 సర్వే ప్రకారం దేశంలో పొగతాగేవారిలో సగానికి పైగా మానాలనే అనుకుంటున్నారు. ఆ ఏడాదిలో డాక్టర్‌ను కలిసిన పొగతాగేవారిలో మానమన్న సలహా విన్నవారు సగానికి తక్కువ.

అలాగైతే స్కాన్ ఎందుకు, ఆ డబ్బంతా పొగ మాన్పించడానికే పెట్టవచ్చు కదా అన్నది చివరి అభ్యంతరం, అన్నిటిలోకీ బరువైనది కూడా. ప్రభుత్వ డబ్బు విషయంలో దానికి సమాధానం సూటిగా చెప్పాలి. ఈ రోజు చేతిలో ఉన్న రూపాయి ముందు పొగ మాన్పించే చికిత్సకే వెళ్లాలి. టీబీ మచ్చల మధ్య క్యాన్సర్‌ను వేరుచేయగల రేడియాలజిస్టులు, బయాప్సీ, ఆపరేషన్ సదుపాయం లేకుండా స్కానింగ్ తలపెడితే అనవసరపు సూదులు, అనవసరపు భయాలు పెరుగుతాయి. ఆ సదుపాయాలున్న చోట, ఏళ్ల తరబడి తాగి మానేసినవారికి కూడా ముప్పు మిగిలే ఉంటుంది కాబట్టి, స్కాన్‌కు దాని విలువ దానికి ఉంది. పొగ ఎప్పుడూ తాగనివారిలోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఈ దేశంలో తక్కువేం కాదు, అది వేరే పరిశోధన కోరే విషయం. ప్రైవేటు ఆసుపత్రులు స్కాన్ ప్యాకేజీ ధరలోనే కనీసం ఎనిమిది వారాల మందును, ఫోన్ కౌన్సెలింగును కలపాలని రాష్ట్ర ఆరోగ్య శాఖ షరతు పెట్టడం కష్టమేమీ కాదు. అమెరికా ప్రభుత్వ బీమా 2015లో స్క్రీనింగుకు డబ్బిచ్చేటప్పుడే పొగ మానమనే కౌన్సెలింగును తప్పనిసరి చేసింది. ఆ నియమం కాగితం మీద టిక్కు పెట్టడంగా మిగిలిపోకుండా ఉండాలంటే ఏటా ప్రకటించే నివేదికలో ఎందరికి స్కాన్ తీశారో, ఎందరికి గడ్డ కనిపించిందో అన్న అంకెల పక్కనే, ఆరు నెలలకు ఊపిరి పరీక్షలో పొగ మానేసినట్టు తేలినవారు ఎందరో, వాళ్లలో బీడీవాళ్లెందరో, నమిలే పొగాకుకు మారినవాళ్లెందరో, మళ్లీ మొదలుపెట్టి మరుసటి ఏడాది స్కాన్ రోజున రెండోసారి చికిత్సలో చేరినవాళ్లెందరో కూడా రాయాలి.